చెయ్యి ఇడవొద్దు

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్తలో, మా వైపు మద్యనిషేధం ఉన్న రోజుల్లో, నేను వేలూరులో గుడియాత్తం బస్సెక్కాను. పక్కన ఒక తాపీమేస్త్రీ కూర్చున్నాడు. గోళ్ళ నిండా సున్నం, ఎర్రటి కళ్ళు. మాటిమాటికీ నా వైపే చూస్తున్నాడు. దొంగేమోనని సంచీని ఒళ్ళోకి లాక్కున్నాను.

పళ్ళికొండ దాటాక అతను నా దగ్గరికి జరిగాడు.

"నాయనా, వచ్చే స్టాపులో బస్సు నిలుస్తాది. మళ్ళా కదిలేదాకా నా చెయ్యి పట్టుకో. ఇడవొద్దు."

"ఎందుకు?"

"ఆడ తోపులో దొంగసారా అమ్ముతారు. దిగినానంటే ఇంటికి పోను."

"నన్నే ఎందుకు అడగాల?"

"తెలిసినోళ్ళయితే పాపమని ఇడిచిపెడతారు. నువ్వు ఎక్కినకాడి నుంచి నన్ను దొంగను చూసినట్టు చూస్తాండావు. నువ్వు ఇడవవు."

నాకు నమ్మకం కుదరలేదు. ఒక చేత్తో సంచీని, ఇంకో చేత్తో అతని మణికట్టును పట్టుకున్నాను. బస్సు ఆగింది. కింద నుంచి ఎవరో "మేస్త్రీ, దిగప్పా!" అని పిలిచారు. అతను లేచి చెయ్యి గుంజుకోబోయాడు, నన్ను తిట్టాడు. సంచీ కిందపడినా చూసుకోకుండా రెండు చేతులతోనూ పట్టుకున్నాను. బస్సు కదిలాక అతను సీట్లో కూలబడి, కండువాతో ముఖం కప్పుకున్నాడు.

గుడియాత్తం బస్టాండులో అతని భార్య ఎదురుచూస్తోంది. అతను దిగి, అంతమంది ముందూ ఆమె ఎదుట నోరు తెరిచి నిలబడ్డాడు. ఆమె తన ముఖం దగ్గరగా పెట్టి వాసన చూసింది. అనుమానం తీరక ఇంకోసారి చూసింది.

"రా, పోదాం. కూడు చల్లారిపోతాది," అంది.