తలుపు గట్టిదైన ఇల్లు

అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే మా మరదలు వంటగది వైపు తొంగి కూడా చూసేది కాదు. నన్ను లోపలికి పంపి గడియ పెట్టుకోమనేది. తను బయట నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగున వచ్చి భుజంతో తలుపును దబేల్మని గుద్దేది. ఇళ్ళు చూపించే బ్రోకరు మొదటిసారి ఆ చప్పుడుకి చేతిలో ఫోను జారవిడిచాడు.

"అమ్మా, కొత్త తలుపమ్మా! ఏంటా గుద్దుడు?"

"ఊడితే నేనే బిగించి ఇస్తాలే. ముందు ఊడనీ," అంది.

మరదలంటే నా తమ్ముడి పెళ్ళాం. తమ్ముడు గోదాములో బస్తాలు మోస్తాడు. అక్కడ మిగిలిన బలమంతా ఇంటికి తెచ్చి ఈ పిల్ల మీద చూపించేవాడు. తోడబుట్టినవాడని వెనకేసుకు రాను. వాణ్ణి పశువంటే పశువులకు కోపం రావాలి. మొదట్లో చెంపదెబ్బలు, తర్వాత బెల్టు, ఆ తర్వాత చేతికేది దొరికితే అది. ఓసారి కుక్కరు మూత విసిరితే కనుబొమ్మ చీలింది. మర్నాడు కుట్లతోనే లాండ్రీకి వెళ్ళి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసింది. బస్సు దిగుతూ పడ్డావా అని అక్కడి సూపర్‌వైజరమ్మ అడిగితే, "నేను పళ్ళేదండీ, మా ఆయనే నా మీద పడ్డాడు," అందట. అంత దెబ్బ తిని కూడా అలా మాట్లాడగలదు మహాతల్లి.

ఆఖరుసారి వాడు గొంతు పిసికాడు. మెడ మీద వేళ్ళ అచ్చులతో, కట్టుబట్టలతో మా ఇంటికొచ్చి పడింది. మాది ఒంటిగది కొంప. వాడు మర్నాడే వచ్చి తలుపు బద్దలుకొట్టి, అడ్డం వెళ్ళిన నా ముందు పన్ను రాలగొట్టాడు. వీధిలో జనం పోగైతేనే వెళ్ళాడు. ఇక వాడికి తెలియని ఇల్లు, వాడు విరగ్గొట్టలేని తలుపు ఉన్న ఇల్లు దొరకాలి. లేకపోతే ఈ పిల్ల బతకదు. నాకు ఆ సంగతి అద్దంలో నా నోరు చూసుకున్నప్పుడే అర్థమైంది.

పాత ఇళ్ళు అసలొద్దంది మరదలు. ద్వారబంధాలకు చెదలు, గడియలకు తుప్పు. పైగా ఇంటివాళ్ళు పక్కవాటాలోనే ఉంటారు. మొగుడొచ్చి వాళ్ళ ముందు రెండు చుక్కలు కన్నీళ్ళు కారిస్తే చాలు, ఆలుమగలన్నాక మాటా మాటా రాదా అంటూ వాళ్ళే తలుపు తీయిస్తారు. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో ఆ బెడద లేదు. కానీ వాటి అద్దెలు వింటే కళ్ళు తిరిగేవి. ఎక్కే మెట్టూ దిగే మెట్టూగా తిరిగి తిరిగి నా మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి.

చివరికి ఊరి అంచున ఒకటి దొరికింది. లిఫ్టు ఇంకా పెట్టలేదు, మెట్లకు పట్టుకోవడానికి కమ్మీలు లేవు, అందుకే అద్దె తక్కువ. ఫ్లాటు పై అంతస్తులో. తలుపు మాత్రం అసలైన టేకు, గడియ మందపాటి ఇనపది. మరదలు మళ్ళీ మళ్ళీ గుద్దింది. అది ఉలకలేదు, పలకలేదు. భుజం రుద్దుకుంటూ పకపకా నవ్వింది.

"వదినా, ఇదే. ఇంక నిద్రపోతాను," అంది. నాకు ఏడుపొచ్చింది.

కొన్నాళ్ళు నిజంగానే హాయిగా నిద్రపోయింది. ఒక సెలవురోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పక్క ఫ్లాటు వాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. కూర్చున్నానో లేదో తలుపు మీద తన్ను పడింది.

"తియ్యవే! లాండ్రీ కాణ్ణించి నీ వెనకే వచ్చి ఇల్లు చూసుకున్నా. అక్కా, నువ్వూ లోపలే ఉన్నావని తెలుసు!"

నేను లేచి వెళ్ళి గడియ సరిచూశాను. మరదలు ఇస్త్రీ ఆపలేదు. "కూర్చో వదినా. తలుపు గట్టిది," అంది.

గట్టిదే. తన్ను మీద తన్ను పడినా పగులు కూడా ఇవ్వలేదు. మెట్ల వైపు ఒక్కో ఫ్లాటు తలుపూ మూసుకుంటున్న చప్పుడు వినిపించింది. అంతలో నా పాదాల మీద ఇసక రాలింది. తలెత్తితే ద్వారబంధానికీ గోడకీ మధ్య వెలుతురు కనిపించింది. కట్టినవాడెవడో సిమెంటు మింగేసి ఇసకతో సరిపెట్టాడు, వాడి చేతులు పడిపోను. తలుపు చెక్కుచెదరలేదు, గోడే వదిలేసింది. నేను పక్కకు దూకేసరికి ద్వారబంధంతో సహా తలుపూ, దాని మీద నా తమ్ముడూ గదిలోకి వచ్చిపడ్డారు.

లేస్తూనే వాడు మరదలి జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కొత్త సున్నమంతా నెత్తురు. స్టూలెత్తి వాడి వీపు మీద వేశాను, దాని కాలు విరిగింది గానీ వాడు కదల్లేదు. ఒక చెయ్యి ఆమె గొంతు మీదికి పోయింది. ఇస్త్రీపెట్టె ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వైరు లాగేసి వాడి చెంపకు ఆనించి అదిమింది.

చుయ్యిమంది. వాడు పెట్టిన కేక మనిషిది కాదు. తలుపు మీద వెల్లకిలా పడి, తన్నుకుంటూ లేవబోయాడు. నేను వాడి కాళ్ళ మీద పడి రెండూ వాటేసుకున్నాను.

"అక్కా! నేనే, నీ తమ్ముణ్ణి!"

"ఆ చేతిక్కూడా పెట్టవే," అన్నాను మరదలితో.

ఆమె నా వైపు చూసింది. ముక్కులోంచి నెత్తురు కారుతోంది. ఇస్త్రీపెట్టె దూరంగా పెట్టి, గోడకు పడిన కంతలోంచి పోలీసులను పిలవమని అరిచింది. కింద ఎవరో ఫోనులో గట్టిగా మాట్లాడటం వినిపించింది. అప్పటికి వాడు అరవడం మాని మూలుగుతున్నాడు.

"వదినా, ఇక వదిలెయ్. వాడు లేవడు," అంది.

నాకు వదలడం చాతకాలేదు. ఆమే పక్కన కూర్చుని, వాడి కాళ్ళ మీంచి నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది.