ఆఖరివాడికే మొదటి గిన్నె

సాయంత్రం ఆరింటికి సుమో పోటీలు ముగిసి బురుజు మీద డోలు మోగగానే ర్యోగొకు వీధుల్లోకి పదివేలమంది ఒక్కసారిగా వచ్చిపడతారు. అందరిదీ ఒకటే గోల, భోజనం ఎక్కడ చేద్దామని. స్టేషన్ ఎదురుగా ఉన్న హోటళ్ళన్నిటికీ పెద్ద పెద్ద ఛాంపియన్ల పేర్లే. వెళ్ళండి, నాకేం! మా తొమిఎ అక్క హోటలు మాత్రం రైలు వంతెన దాటాక సందు చివర ఉంటుంది. దాని పేరు ఇసోకజె. ఆ పేరుగల మల్లుణ్ణి గోదాలో చూశానని చెప్పే మనిషి ఇరవై రెండేళ్ళుగా అక్కడ వడ్డిస్తున్న నాకు ఒక్కడూ తగల్లేదు.

ఇసోకజె అక్క మొగుడు. పదహారేళ్ళు గోదాలో దొర్లినా జీతమిచ్చే స్థాయికి ఎక్కలేకపోయాడు. మల్లులంతా కలిసి ఉండే ఇంట్లో భోజనానికి ఒక వరస ఉంది. పైవాడు ముందు, కిందివాడు ఆఖర్న. తెల్లవారుజామున లేచి, పరగడుపున కుస్తీ పట్టి, వంట చేసి, నిలబడి అందరికీ వడ్డించినవాడి వంతు వచ్చేసరికి కుండలో మిగిలేది పులుసు నీళ్ళూ, నాలుగు క్యాబేజీ ఆకులూ. పద్దెనిమిదేళ్ళప్పుడు అక్క స్నానాలశాలలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. ఆయన్ని మొదట చూసింది అక్కడే. "అంత మనిషి! కడుపులో నకనకలు నా దాకా వినిపించాయే" అని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఇప్పుడు అక్కకి అరవై ఎనిమిది. మనిషి నా భుజం దాకా రాదు, గొంతు మాత్రం వంతెన అవతలికి వినిపిస్తుంది.

ఆయన గోదా వదిలాక ఇద్దరూ ఈ హోటలు పెట్టారు. మొదటి రోజే అక్క గోడ మీద కాగితం అంటించింది. 'ఇక్కడికి మల్లులొస్తే అందరికన్నా కింది స్థాయివాడికే మొదటి గిన్నె. వాడు తినేదాకా ఎవరూ తినే పుల్లలు ముట్టరాదు.' ఆయన హడలిపోయాడట. "ఎందుకే ఈ తగువు, ఒక్కడూ రాడు" అన్నాడట. విడ్డూరం ఏమిటంటే, ఎవరి కోసం ఆ కాగితం అంటించిందో ఆ మనిషే దాన్ని ఏనాడూ లెక్కచెయ్యలేదు. అందరూ వెళ్ళాక వంటింట్లో నిలబడి అడుగున మిగిలింది తినేవాడు. పోయేదాకా అంతే. అక్కకి ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మొన్న మే పోటీల పదమూడో రోజు సెగవా గారు పన్నెండుమందిని వెంటేసుకుని దిగాడు. పెద్ద అభిమాన సంఘానికి అధ్యక్షుడాయన. పోటీల రోజుల్లో మా బల్లలు సగం నిండేది ఆ సంఘం వాళ్ళతోనే. ఇన్నేళ్ళూ మనుషుల్ని పంపేవాడే గాని మల్లుల్ని తీసుకురాలేదు. ఆ రోజు పక్కన తకాగిరి ఉన్నాడు, ఇరవైమూడేళ్ళవాడు, అప్పుడే గెలిచి వచ్చాడు. వెనకాల అతని సంచీ మోసుకుంటూ షియోమొరి. ఇతనికి ముప్పై ఏడు. పంతొమ్మిదేళ్ళుగా మల్లుడే, అయినా కింది స్థాయి దాటలేదు గనక ఆ కుర్రాడికి వీపు రుద్దే పని. ఆ ఉదయం ఖాళీ కుర్చీల ముందు తన ఆఖరి కుస్తీ ఆడి ఓడిపోయాడు. ఎల్లుండి మల్లుల ముడి తీయించుకుని, గోదా వదిలి ఊరెళ్ళిపోతాడు. పేటలో అందరికీ తెలిసిన సంగతే.

బల్లల మీది గ్యాసు పొయ్యిల మీద కుండలు కుతకుత ఉడుకుతున్నాయి. షియోమొరి తలుపు దగ్గరే నిలబడ్డాడు. అక్క మొదటి గిన్నె నింపి అతని వైపు తిరిగింది.

"రా నాయనా, కూర్చో."

"వద్దమ్మా, నాకు అలవాటు లేదు. వాళ్ళు తిన్నాక చూద్దాం."

"అప్పుడు చూడ్డానికేం మిగలదు. కూర్చో."

సెగవా నవ్వాడు. "నీ గోడ మీది సరదా బాగానే ఉందమ్మా. కానీ గెలిచినవాడు ఇక్కడున్నాడు. ముందు మావాడికి పొయ్యి."

"సరదా కాదండీ. కళ్ళజోడు మర్చిపోతే చెప్పండి, చదివి వినిపిస్తా."

"ఓడిపోయినవాడికి మొదటి గిన్నా? ఏం చూసుకుని నీకింత పొగరు?"

"నా పొయ్యి చూసుకుని" అంటూ అక్క బల్లల మీది గ్యాసు ఒక్కొక్కటే కట్టేసుకుంటూ పోయింది. నేనూ ఇటునుంచి కట్టేశాను. మూలబల్ల దగ్గర భార్యాపిల్లలతో వచ్చినాయన లబోదిబోమన్నాడు. "మేమేం చేశాం తల్లీ, ఆకలేస్తోంది!"

"కాసేపు ఓర్చుకోండి. ఎలా ఓర్చుకోవాలో అదుగో, ఆ తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి అడగండి. పంతొమ్మిదేళ్ళ అనుభవం!"

సెగవా మొహం కందగడ్డయింది. లేచాడు. "రేపట్నించి మావాళ్ళు ఒక్కరూ నీ గడప తొక్కరు. తకాగిరీ, పద!"

సగం బల్లలు! పోటీల రోజుల రాబడి సగం లేచి వెళ్ళిపోతోంది. అక్క మాత్రం తొణకలేదు. "వెళ్ళిరండి. స్టేషన్ ఎదురుగా బోలెడున్నాయి. అక్కడ మీకే ముందు వడ్డిస్తారు."

పన్నెండుమందీ బిలబిలా లేచారు. షియోమొరి సంచీ ఎత్తుకున్నాడు. బతుకుజీవుడా అన్నట్టున్న అతని మొహం చూసి నాకు ఒళ్ళు మండింది. అక్క ఒక్క అంగలో వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

"మా ఆయనలాగే నువ్వూ నిలబడే పోతావట్రా?"

"వెళ్ళాలమ్మా. సంచీ మోయడం నా పని."

తకాగిరి గుమ్మం నుంచి వెనక్కి వచ్చాడు. షియోమొరి చేతిలోంచి సంచీ లాక్కుని తన భుజాన వేసుకున్నాడు. జీతం తీసుకునే మల్లుడు తన సంచీ తనే మోయడం మా పేటలో ఎవరూ చూసి ఉండరు.

"ఏయ్, ఏంటా పని? వీధిలో జనం చూస్తారు!" అని సెగవా అరిచాడు.

"చూడనివ్వండి. అన్నా, నాకు వంట నేర్పింది నువ్వు. కూర్చుని తిను."

అక్కకి తలవంచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మళ్ళీ గ్యాసు వెలిగించాం. పుల్లలు ఎవరూ ముట్టలేదు. షియోమొరికి కూర్చోవడం కూడా చేతకాలేదు, బల్ల అంచున ఒదిగాడు. కోడిమాంసం ఉండ ఒకటి తీసుకుని, ఊదుకుని, నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"పంతొమ్మిదేళ్ళు ఈ ఉండలు నా చేత్తోనే చేశానమ్మా" అన్నాడు. "వేడిగా ఉంటే ఇలా ఉంటాయని నాకు తెలీదు."

అక్క నా మీద విరుచుకుపడింది. "గుడ్లప్పగించి చూస్తావేంటే? ఇంకో గిన్నె పొయ్యి. మిగతావాళ్ళు ఆగుతారు."

మూలబల్ల ఆయనతో సహా అందరూ ఆగారు.