తొమ్మిదో ఎలుగుబంటి

మా చెల్లెలు తన చేత్తో కుట్టిన ఎలుగుబంటి బొమ్మలు ఎనిమిది, ఆత్మకూరులో వాళ్ళింటి అద్దాల బీరువాలో ఉన్నాయి. తొమ్మిదోది ఉదయగిరిలో నా కుట్టుమిషను పక్కన ఉంది. అది నా దగ్గర ఉండాల్సింది కాదు. ఎందుకు ఉందో చెప్పాలంటే నన్ను నేనే తిట్టుకోవాలి. తిట్టుకుంటాను, ఏం చేసేది.

చెల్లెలు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. దానికి సూది పట్టడం నేర్పింది నేనే. దానిది ఎడమచేతివాటం. మా అవ్వ కొట్టీ తిట్టీ అన్నం మాత్రం కుడిచేత్తో తినేటట్టు చేసింది గాని, సూది దగ్గర ఓడిపోయింది. నేను దారం ఇటు లాగితే అది అటు లాగేది. దాని కుట్లన్నీ నా కుట్లకు ఎదురు వాలి ఉండేవి.

"నీ కుట్టు చూస్తే నాకు మెడ పట్టుకుంటాదే" అని ఏడిపించేదాన్ని.

"అయితే చూడబాక" అనేది మూతి తిప్పి.

పెళ్ళయి ఆత్మకూరు వెళ్ళాక బొచ్చుగుడ్డ తెప్పించుకుని ఎలుగుబంట్లు కుట్టడం మొదలుపెట్టింది. కళ్ళకు పాత కోట్ల గుండీలు, పొట్టలోకి బూరుగుదూది. ఎడమచెవి ఎప్పుడూ వేలెడు కిందికి ఉండేది. కావాలనే పెట్టేదో, దాని చేతి అలవాటో నేను అడగలేదు. అరికాలి మీద ఎర్రదారంతో ముడులు వేసేది, మూడో బొమ్మకు మూడు, నాలుగో దానికి నాలుగు. చూసినవాళ్ళు ముచ్చటపడి మాకొకటి ఇమ్మని వెంటపడితే, "పిల్లల్ని ఎవరన్నా ఇచ్చుకుంటారా ఏంది" అనేది. ఒక్కటి కూడా గడప దాటనివ్వలేదు.

తొమ్మిదో దాని వీపు ఇంకా కుట్టకముందే జ్వరం ముదిరి ఆస్పత్రికి పోవాల్సి వచ్చింది. పోయేముందు వీపు మీది చీలికను ఏడు గుండుసూదులతో మూసి కూతురి చేతిలో పెట్టింది. "వచ్చి కుడతా, అందాక జాగర్త" అని చెప్పి ఆటో ఎక్కింది. ఇక ఇంటికి రాలేదు.

పిల్లకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఏడ్వలేదు. ఆ బొమ్మను మాత్రం వదల్లేదు. సూదులు గుచ్చుకుంటాయే తల్లీ, నేను కుట్టేస్తానే అని ఎంత బతిమాలినా, "అమ్మ కుడతానన్నాది" అనేది. బొమ్మ వీపు అవతలికి తిప్పి, పొట్టకు ముఖం ఆనించి పడుకునేది. నెలకొకసారి నేను వెళ్ళి బీరువాలోని ఎనిమిదింటినీ బయటికి తీసేదాన్ని. పసిపిల్లల దువ్వెనతో బొచ్చు దువ్వి, అడుగున ఎండు వేపాకు మార్చి, మళ్ళీ వరసగా కూర్చోబెట్టేదాన్ని. పిల్ల పక్కనే నిలబడి ఒక్కొక్కటే అందించేది. తొమ్మిదో దాన్ని మాత్రం నా చేతికి ఇచ్చేది కాదు.

ఇలా ఏడాది గడిచింది. ఒక మంగళవారం పొద్దున మా మరిది, పిల్ల నాయన, ఫోన్ చేశాడు.

"వదినా, పిల్లకు మళ్ళా ఆయాసం వచ్చింది. ఆ బొమ్మలో దుమ్మూ బూజూ చేరినాయి, దూరం పెట్టమన్నాడు డాక్టరు. నేను చెయ్యేస్తే కొరుకుతా ఉండాది. నువ్వొచ్చి శుభ్రం చేస్తావో ఏం చేస్తావో. ఆదివారానికి కాలేదంటే తీసి పారేస్తా. నాకు పిల్ల ముఖ్యం."

తప్పు పట్టడానికేముంది? పారేస్తే పిల్ల ఏమైపోతుందో, పారేయకపోతే ఏమైపోతుందో. మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను. పిల్ల మంచం మీద కూర్చుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. పక్కన కూర్చుని గంటసేపు చెప్పాను. చివరికి బొమ్మ ఇవ్వడానికి ఒప్పుకుంది గాని, ఊరికే ఒప్పుకోలేదు. నా కుడిచేతిని తీసుకుని తన నెత్తిమీద పెట్టుకుంది.

"వీపు తెరవబాక పెద్దమ్మా. సూదులు తీయబాక. అవి అమ్మ గుచ్చినవి."

"తీయనమ్మా."

"నా మీద ఒట్టేనా?"

"ఒట్టు."

మా వైపు పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తే, దాన్ని తప్పితే పిల్లకే తగులుతుందంటారు. నేను అవన్నీ నమ్మేదాన్ని కాదనే అనుకునేదాన్ని. చెయ్యి తీసుకునేటప్పుడు మాత్రం పైకి వినబడకుండా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

బొమ్మను ఉదయగిరికి తెచ్చుకుని, బుధవారం పొద్దున కూర్చున్నాను. కుంకుళ్ళు నానబెట్టి, చిలికి, నీళ్ళు వదిలేసి పైన తేలిన నురగ మాత్రం తీసుకున్నాను. ఇలాంటి బొమ్మల్ని బకెట్లో ముంచకూడదు. పాత మల్లుగుడ్డను నురగలో అద్ది, బొచ్చు వాలిన వైపే తుడుచుకుంటూ పోవాలి. తర్వాత మంచినీళ్ళలో పిండిన గుడ్డతో మళ్ళీ తుడవాలి. గుడ్డ నల్లగా వచ్చింది, ఇంకోటి నల్లగా వచ్చింది, నాలుగో గుడ్డకు తెల్లబడింది. లోపల తేనెరంగు బయటపడింది. మా చెల్లెలు అంగట్లో ఆ రంగు కోసం ఎంత గలాటా చేసి ఉంటుందో అనుకుని నవ్వుకున్నాను.

పొట్ట నొక్కి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గుప్పున బూజు వాసన. ఒక్కసారిగా దగ్గొచ్చింది. పిల్ల ఎప్పుడో దానికి స్నానం చేయించినట్టుంది, లోపల దూది తడిసి ఉండలు కట్టింది. నేను పైపైన ఎంత మెరిపిస్తే ఏం లాభం? పిల్ల రోజూ ముఖం పెట్టి పీల్చేది ఆ లోపలి సరుకునే. తెరిస్తే ఒట్టు పోతుంది, తెరవకపోతే ఊపిరి పోతుంది. ఆ పూటంతా ఒక్క జాకెట్టు కూడా కుట్టలేదు. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, "ఇంత పని పెట్టి పోతావా దొంగముండా" అని చచ్చిపోయిన దాన్ని తిట్టాను. ఆ తర్వాత సూదులు తీశాను.

ఫోన్ చేసి పిల్లకు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. వద్దంటుందని భయం.

లోపలి దూది సగం నల్లబడిపోయి ఉంది. అంతా తీసి పెరట్లో కాల్చేశాను. ఉత్త తోలులా మిగిలిన గుడ్డను లోపలా బయటా నురగతో కడిగి, గురువారం పొద్దున మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడలో పరిచాను. ఎండ తగిలితే రంగు పోతుంది, గాలి తగలకపోతే మళ్ళీ బూజు.

ఉదయగిరిలో కోతుల సంగతి తెలియనివాళ్ళు లేరు. కొండ దిగి వచ్చాయంటే మిద్దెల మీద ఏదీ మిగలదు. అయితే కొండ కింది చేలల్లో కోతులు దడుచుకోవాలని ఎలుగుబంటి బొమ్మలు కడతారు, మా వీధిలోనూ రెండు మిద్దెల మీద కట్టి ఉన్నాయి. నేను కాపలా కూర్చోబోతే ఎదురింటి అవ్వ తన మిద్దె మీది నుంచి నవ్వింది.

"ఎలుగ్గొడ్డుకు కాపలా ఏందే పిచ్చిదానా! దాన్ని చూస్తే కోతే ఆమడ దూరం పోతాది."

నిజమే కదా అనుకుని దిగిపోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆరబెట్టింది వడియాలైతే కర్ర పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చునేదాన్నే! దూది తీసేసిన ఎలుగుబంటి ఎలుగుబంటిలా ఉంటుందా? కోతి కంటికి అదొక కుంకుడు వాసన వేసే బొచ్చుగుడ్డ, అంతే.

ఎవరో జాకెట్టు కొలతలకు వస్తే తీసుకుని, పావుగంటలో మళ్ళీ పైకెక్కాను. ట్యాంకు కింద ఏమీ లేదు. పక్క మిద్దె పిట్టగోడ మీద పెద్ద గండుకోతి కూర్చుని, తేనెరంగు గుడ్డను రెండు చేతులా పట్టుకుని పళ్ళతో లాగుతోంది.

కర్ర ఎత్తితే కోతి పారిపోతుంది, దాంతోపాటు గుడ్డా పోతుంది. ఇంట్లోకి పరుగెత్తి అరటిపళ్ళు తెచ్చాను. ఒకటి విసిరితే తిన్నది, గుడ్డ వదల్లేదు. వీధిలోకి దిగింది, నేనూ దిగాను. గోడలు ఎక్కుతూ కొండ వైపు పోతుంటే చెప్పుల్లేకుండా వెంటపడ్డాను. "నాయనా, నీ కాళ్ళకు మొక్కుతా, ఇచ్చెయ్ నాయనా" అని నడివీధిలో రెండు చేతులూ జోడించి కోతిని బతిమాలాను. జనం నవ్వారు. నవ్వరా మరి! చివరికి కంపచెట్ల దగ్గర దానికి విసుగొచ్చింది కాబోలు, చెవి పట్టి పరపరా పీకి, గుడ్డను ముళ్ళ మీద పారేసి పోయింది.

ముళ్ళలోంచి ఊడదీశాను. ఎడమచెవి లేదు, కుడి భుజం దగ్గర కుట్టు బెత్తెడు విప్పుకుపోయింది. ఎదురింటి అవ్వ కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చి, నాతోపాటు వంగి గులకరాళ్ళ మధ్య వెతికింది. చెవి ఆమెకే దొరికింది. నా చేతిలో పెట్టి, "నేను అనకుండా ఉండాల్సింది" అంది. చెవి దొరికింది గాని, దాన్ని పట్టుకుని ఉన్న మా చెల్లెలి కుట్లు లేవు. చెల్లెలి చెయ్యి చివరగా ఆడిన బొమ్మ, పిల్ల ఏడాదిగా వదలకుండా పట్టుకున్నది, దాన్ని నేను కోతిపాలు చేశాను. అక్కడే మట్టిలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. చెల్లెలు పోయినప్పుడు కూడా అంత ఏడ్వలేదు.

ఇంటికొచ్చి గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తే పాత కుట్ల రంధ్రాలు కనబడ్డాయి. ఆ రంధ్రాల్లోంచే, చెల్లెలి లాగానే కుడితే? అప్పుడు పుట్టింది ఆ పాడు ఆలోచన. కుడిచేత్తో కుడితే నా కుట్టు అని తెలిసిపోతుంది. ఎడమచేత్తో కుట్టాలి. కుడిచెయ్యి ఊరికే ఉండదు, సూది కనబడితే చాలు ముందుకొస్తుంది. దాన్ని కొంగుతో నడుముకు కట్టేసుకున్నాను. శుక్రవారమంతా పాత గుడ్డపేలికలను మోకాళ్ళ కింద నొక్కిపెట్టి, వాటి మీద ఎడమచేత్తో కుట్లు దిద్దుకున్నాను. వేళ్ళన్నీ పొడుచుకున్నాను. శనివారం మధ్యాహ్నానికి చెవి అతికింది, వేలెడు కిందికే అతికింది. భుజమూ కుదిరింది. కుట్లన్నీ చెల్లెలి కుట్లలాగే వాలాయి. ఎవరు చూసినా మా చెల్లెలే కుట్టిందనాలి. అమ్మయ్య అనుకుని కొంగు విప్పి, కొత్త బూరుగుదూది కూరి, ఏడు సూదులనూ పాత రంధ్రాల్లోనే గుచ్చి వీపు మూశాను. బొచ్చు దువ్వాను. కొత్త బొమ్మలా మెరిసింది.

ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి పిల్ల వాకిట్లోనే నిలబడి ఉంది. సంచిలోంచి తీయకముందే లాక్కుంది. ముఖం పొట్టలో పెట్టి గట్టిగా పీల్చింది. దగ్గు రాలేదు. మా మరిది ముఖం వెలిగింది. పిల్ల చెవి తడిమింది, భుజం తడిమింది, తేడా పట్టినట్టు లేదు. నేను గెలిచాననుకున్నాను. అప్పుడు బొమ్మను బోర్లా తిప్పింది.

సూదులకేసి చాలాసేపు చూసింది. ఒక్కొక్క దాని తల మీద వేలు పెట్టుకుంటూ పోయింది. నేనూ అప్పుడే చూశాను. మా చెల్లెలు గుచ్చితే సూదుల తలలన్నీ ఎడమవైపుండేవి. ఇప్పుడు ఏడూ కుడివైపున్నాయి. రెండు రోజులు కట్టేసిన చెయ్యి, విప్పగానే తన పని తను చేసుకుపోయింది. నేను గమనించనే లేదు.

"వీపు తెరిచినావా పెద్దమ్మా?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. బూజు గురించి, కోతి గురించి, అంతా చెప్పి కాళ్ళు పట్టుకుని ఉండవచ్చు.

"లేదమ్మా" అన్నాను. "నీ మీద ఒట్టేశాను కదా."

పిల్ల నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపూ లేదు. బొమ్మను నా సంచిలో పెట్టింది, కాళ్ళు బయటికి కనబడకుండా లోపలికి మడిచి పెట్టింది.

"ఏందే, అంత బాగుంటే మళ్ళా ఇస్తా ఉండావు?" అన్నాడు వాళ్ళ నాయన.

"ఇది పెద్దమ్మది" అంది పిల్ల. "అమ్మ చేసినవి ఎనిమిదే నాయనా."

సంచి ఒళ్ళో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. కండక్టరే ఊరు పేరు చెప్పి టికెట్టు అడిగితే తలూపాను.

పదిరోజులకు మా మరిది ఫోన్ చేశాడు. ఆయాసం తగ్గిందట, పిల్ల రాత్రిళ్ళు బాగా నిద్రపోతోందట. "నీ పుణ్యమే వదినా" అన్నాడు. ఆ పక్కనుంచి పిల్ల గొంతు వినబడుతోంది. ఫోన్ ఇవ్వమంటే, చదువుకుంటా ఉండాదిలే అన్నాడు. ఇప్పుడు నెలకొకసారి వెళితే బీరువా తాళం తెచ్చి ఇస్తుంది. బొమ్మలు మాత్రం అందించదు. ఎనిమిదింటినీ నేనే తీసి దువ్వి మళ్ళీ నేనే పెట్టుకుంటాను.

తొమ్మిదో దానికి ఇంట్లో దుమ్ము దులుపుతాను. దాని వీపు ఇప్పటికీ కుట్టలేదు. ఏడు సూదులూ నేను గుచ్చినట్టే, తలలు కుడివైపుకే ఉన్నాయి.