ఓడలెక్కిన అత్తయ్యతో పుట్టి ప్రయాణం

ఆ రోజుల్లో మా పల్నాడులో నీళ్ళంటే బావి అడుగున కనపడాలి, లేదంటే కృష్ణలో కనపడాలి. డ్యామూ లేదు, కాలవలూ లేవు. కాబట్టి నీళ్ళ మీద ప్రయాణం చేసొచ్చిన మనిషంటే ఊళ్ళో చానా గొప్ప. ఇప్పుడు మా మనవరాలు సెల్లులో చూపిస్తా ఉంటుంది, మేడంత ఓడల్లో సముద్రాలు తిరిగొచ్చినవాళ్ళు 'ఈ గది తీసుకోండి, ఆ గది వద్దు, ముందు ఇక్కడ తినండి, అక్కడ తినకండి' అని జనానికి సలహాలు చెప్పడం. చూసి నవ్వుకుంటాను. అట్టాంటి సలహాలన్నీ నేను పన్నెండేళ్ళప్పుడే, మిరపకాయల తొడిమలు తీస్తా వినేశాను. ఒక్కటీ నమ్మలేదు. (నమ్మడం నా ఒంట్లో లేదు. పాలు పోసే మనిషి చెంబులో వేలు ముంచి చూసే రకాన్ని, ఇప్పటికీ.)

చెప్పింది మా రంగం అత్తయ్య. రంగూనును అప్పట్లో మావాళ్ళు రంగం అనేవాళ్ళు. ఆమె మా నాయనకి అక్క వరస. ఆమె భర్త ఆ ఊళ్ళో బియ్యం మిల్లులో గుమాస్తా. మిల్లు దొర పిల్లల్ని ఆడించడానికి అత్తయ్యని పెట్టుకున్నారంట, అందుకని దొర కుటుంబం ఓడ ఎక్కినప్పుడల్లా ఈమె కూడా పై తరగతిలో పోయి వచ్చేదంట. ఈ 'అంట'లు నావి, ఆమెవి కాదు. యుద్ధం రంగం మీదికి వచ్చాక ఇల్లూ సామానూ వదిలేసి, మామయ్య వెనకాల వస్తాడన్న ఆశతో, ఒక్క రేకుపెట్టెతో మా ఇంటికి వచ్చింది. మనిషి వచ్చి చానాళ్ళైనా మాటలు మాత్రం ఇంకా ఓడలోనే ఉన్నాయి.

మిరపకాయల కాలంలో మా చావిట్లో ఆడవాళ్ళంతా చేరి తొడిమలు తీస్తుంటే ఆమె మధ్యన పీట వేసుకుని మొదలుపెట్టేది. "ఓడలో పొద్దున కళ్ళు తెరవకముందే మంచం దగ్గరికి టీ వస్తదే. అట్టని వెంటనే తాగకూడదు. ముందు ఎండు రొట్టెముక్క కొరికి, తరవాత తాగాలి. లేకపోతే కడుపులో తిప్పుద్ది." ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి వినేవాళ్ళు. నేను మాత్రం అడిగేదాన్ని. "టీ తెచ్చేవాడు కళ్ళు తెరవకముందే గదిలోకి ఎట్టా వస్తాడు? తలుపు గడియ పెట్టుకోరా?" అత్తయ్య నా వైపు చూసి, "ఏమే, నువ్వు ప్లీడరువా?" అనేది. ఇంకోసారి, దొరసానులు ఈత కొట్టుకోవడానికి ఓడ మీదే మందపు గుడ్డతో తొట్టి కట్టి నీళ్ళు పోస్తారని చెప్పింది. ఆ మాట నేను అస్సలు మింగలేకపోయాను. చుట్టూ సముద్రం పెట్టుకుని మళ్ళీ తొట్టేంది? కడవెడు నీళ్ళ కోసం మైలు దూరం నడిచేవాళ్ళ దగ్గరా ఈ మాటలు? ఈమె ఓడ ఎక్కలేదు, ఓడరేవులో నిలబడి ఎక్కేవాళ్ళను చూసి ఉంటుందని ఆ రోజే తీర్మానం చేసుకున్నాను.

ఆమె మాత్రం తగ్గేది కాదు. ఓడలో నడిమధ్య గది తీసుకోవాలి, చివర్లు ఊగుతాయి. చూపు దూరంగా ఆకాశం నీళ్ళని తాకే గీత మీద నిలపాలి. బుగ్గన అల్లం ముక్క ఉండాలి. అన్నం వడ్డించేవాణ్ణి మొదటిపూటే మంచి చేసుకోవాలి. సుంకం అధికారి కనపడితే వాడు అడక్కముందే పెట్టె తెరిచి చూపించాలి. ఒడ్డు కనపడగానే జనమంతా ఒకే వైపుకి ఎగబడతారు, మనం అటు పోకూడదు. ఇవన్నీ మా అమ్మకి చెప్పేది. మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక మాచర్ల రైలు తప్ప ఇంకేదీ ఎక్కలేదు, ఎక్కేదీ లేదు. అయినా తల ఊపేది.

అట్టాంటిది ఆ మాఘమాసంలో కృష్ణ అవతల నుంచి మనిషొచ్చాడు. మా అక్కని నైజాం వైపు ఊరికిచ్చారు. మొదటి కాన్పుకి పంపమంటే అత్తగారు పంపలేదు, అక్కడే పురుడు పోసింది. బిడ్డ బాగానే ఉంది, తల్లే లేవలేకపోతోందని, పెట్టింది తినడం లేదని, "అమ్మ చేతి కాయం కావాలి" అంటోందని ఆ మనిషి చెప్పాడు. కాయమంటే బాలింతలకి పెట్టే మందు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము దంచి బెల్లం పాకంలో, నెయ్యిలో ఉడికించి ముద్ద చేస్తారు. యుద్ధం రోజులు, బెల్లం దొరకదు, నెయ్యి అంతకంటే దొరకదు. మా అమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చి, రెండు రోజులు పొయ్యి దగ్గరే కూర్చుని ఒక జాడీ నిండా చేసింది. నాయన చలిజ్వరంతో మంచం మీద ఉన్నాడు, ఆయన్ని వదిలిపెట్టి అమ్మ పోలేదు. కాబట్టి నన్నూ అత్తయ్యనూ పంపింది. జాడీ నా ఒళ్ళో పెట్టి, "ఇది తడిసినా, పగిలినా మళ్ళీ చెయ్యడానికి ఇంట్లో చిటికెడు సరుకు లేదు. మీ అక్క దీని మీద ప్రాణం పెట్టుకునుంది" అంది. నేను అత్తయ్య వైపు అనుమానంగా చూశాను. జాడీని ఆమె చేతికి ఇవ్వకూడదని అప్పుడే అనుకున్నాను.

బండి మీద రేవుకి పోయాము. పుట్టిని మీరు చూసుంటారో లేదో. వెదురుతో అల్లిన పెద్ద గంప, అడుగున తోలు బిగిస్తారు, అంతే. అత్తయ్య దాని చుట్టూ తిరిగి చూసి, "దీనికి ముందు వైపు ఏది?" అని అడిగింది. పుట్టి నడిపే తాత తెడ్డు మీద ఆనుకుని, "గంపకి ముందూ ఎనకా ఏందమ్మా?" అన్నాడు. "మరి మేము ఎటు తిరిగి కూర్చోవాలి?" "ఎటు తిరిగి కూసున్నా అదే తిప్పుద్ది." అత్తయ్య ముఖం మాడిపోయింది. మాతోపాటు మేకను తోలుకుని ఒకాయన ఎక్కాడు. (ఆ మేక ఎక్కీ ఎక్కగానే నా జాడీ వైపే చూసింది. దాన్ని కూడా నేను నమ్మలేదు.)

తాత చెప్పాడు, అంచు పక్కన వేసిన కర్రల మీద తలా ఒక వైపు కూర్చోమని. అత్తయ్య ఒప్పుకోలేదు. "నేను సముద్రాలు దాటినదాన్ని. నడిమధ్యే ఊగదు. ఏమే పిల్లా, రా, మధ్యన కూర్చో." తాత నవ్వాడు. "సముద్రం సంగతి నాకు తెలవదమ్మా. నా పుట్టిలో మాత్రం నడిమధ్య కూసుంటే నీళ్ళు చేరతయ్." నేను ఇద్దరినీ చూశాను. అత్తయ్య మాట అబద్ధమని నాకు తెలుసు. కానీ ఈ తాత ఎవరు? అంచున కూర్చోబెట్టి, నడి ఏట్లో ఒక్క తోపు తోస్తే జాడీ ఎవరిది అవుద్ది? ఎంత ఆలోచించినా తెలిసిన అబద్ధమే మేలనిపించింది. పోయి మధ్యన చతికిలబడ్డాను.

పుట్టి కదిలింది. కదిలిందంటే ముందుకు పోలేదు, గిర్రున తిరిగింది. అత్తయ్య తన పద్ధతి ప్రకారం దూరంగా ఒక గుట్ట మీద చూపు నిలిపింది. గుట్ట పక్కకి పోయింది. ఆమె మెడ దాని వెంట పోయింది. మెడ తిరిగినంత తిరిగి ఆగింది, గుట్ట ఆగలేదు. ఇంకో చెట్టును పట్టుకుంది, అదీ పోయింది. "ఒరేయ్ అబ్బాయ్, నిలపరా దీన్ని, ఓడ ఇట్టా తిరగదు!" అని అరిచింది. తాత వయసు ఆమెకంటే పెద్దది. "ఓడకి పొగగొట్టం ఉంటదమ్మా, నాకు ఉన్నయ్యి రెండు చేతులే" అన్నాడు. మేకాయన నవ్వాపుకోలేక మేకను పట్టుకున్నాడు. అత్తయ్య నడుము దగ్గర చీరలోంచి అల్లం ముక్క తీసి నా నోటి దగ్గర పెట్టింది. నేను పళ్ళు బిగించాను. ఆ అల్లం ఆమె నడుములో ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికి తెలుసు? "కృష్ణమ్మకి చిల్లుకానీ అన్నా వెయ్యవే, చల్లగా దాటిస్తుంది" అంది. ఏటికి డబ్బెందుకు, అదేం కొనుక్కుంటుంది? వెయ్యలేదు.

ఇంతలో కింద చల్లగా తగిలింది. తాత చెప్పినట్టే, గంప అడుగు లోతుగా ఉండేది నడిమధ్యనే కాబట్టి, తోలు కుట్ల నుంచి కారిన నీళ్ళన్నీ నా కిందికి చేరాయి. పావడా తడిసింది. జాడీ ఒళ్ళోంచి రొమ్ము మీదికి, రొమ్ము మీది నుంచి నెత్తి మీదికి ఎక్కింది. లేచి అంచుకి పోదామంటే తాత "కదలమాక, బోర్లా పడుద్ది" అని కసిరాడు. తడిసిన గుడ్డలతో, నెత్తిన జాడీతో, నీళ్ళలో కూర్చుని, మేక నా మోచేతిని నాకుతుంటే, పళ్ళ మధ్య నుంచి అత్తయ్యని అడిగాను. "అత్తా, నువ్వు నిజంగా ఎప్పుడన్నా ఓడ ఎక్కావా?" ఆమె కళ్ళు మూసుకుని అల్లం నములుతోంది.

అవతలి ఒడ్డు దగ్గర పడింది. పచ్చగడ్డి వాసన తగిలిందో ఏమో, మేక ఒక్క దూకు దూకి ఒడ్డు వైపు అంచు మీద ముందు కాళ్ళు పెట్టింది. దాన్ని పట్టుకోవడానికి మేకాయనా అటే ఉరికాడు. నేనూ లేచాను, ఒడ్డు కనపడితే ఎవరు మాత్రం లేవరు? పుట్టి అటు ఒరిగింది. నీళ్ళు అంచు దాకా వచ్చాయి. అప్పుడు నా జడ ఎవరో పట్టుకుని వెనక్కి లాగారు. అత్తయ్య. నన్నూ జాడీనీ కలిపి వాటేసుకుని ఎదుటి అంచు మీదికి వెల్లకిలా పడింది. ఆమె మంచి ఒళ్ళున్న మనిషి. పుట్టి ఒక్క కుదుపుతో సరిగ్గా నిలబడింది. తాత తెడ్డు ఎత్తి పట్టుకుని, "అమ్మా, నువ్వు సముద్రం చూసినదానివే" అన్నాడు. ఆమె గుండె నా వీపుకి తగిలి కొట్టుకుంటోంది. "చివరిసారి వచ్చిన ఓడలో గదుల్లేవు, టీల్లేవు" అంది మెల్లగా. "నిలబడే వచ్చాము. ఒడ్డు చూసి అందరూ ఒక్కవైపుకే ఉరికారు. నా పక్కనున్న పిల్ల చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది." ఆ సంగతి మిరపకాయల దగ్గర ఎప్పుడూ చెప్పలేదామె.

బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో, రాలేదు. ఒడ్డు ఎక్కగానే అవతలి సర్కారు సుంకం చౌకీ, అక్కడొక జవాను. అత్తయ్య "జాడీ తెరిచి చూపించు" అంది. బూట్లేసుకున్న మనిషికి మా అమ్మ చేసిన కాయం చూపిస్తే ఇంకేమన్నా మిగులుద్దా? జాడీని పావడా కింద పెట్టుకుని కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. జవాను వచ్చి, "లే పిల్లా" అన్నాడు. "లేవను. కాళ్ళు తిమ్మిరెక్కినయ్." "లే అంటున్న!" అత్తయ్యే నన్ను లేపింది. జాడీ బయటపడింది. మూత విప్పి చూశాడు. నల్లగా, జిగటగా, ఘాటుగా ఉన్న ముద్ద. అతని కళ్ళు చిన్నవయ్యాయి. "నల్లమందు!" అన్నాడు. "దాస్కొని తెస్తున్నవా?"

ఊరందరినీ అనుమానించి తిరిగిన నన్ను మొదటిసారి ఇంకొకరు అనుమానించారు. ఎట్టా ఉంటుందో అప్పుడు తెలిసింది, కాళ్ళు నిజంగానే తిమ్మిరెక్కాయి. జాడీ జప్తు చేస్తానంటున్నాడు. అక్క కళ్ళ ముందు మెదిలింది. "అయ్యా, కాయం, బాలింత మందు" అన్నాను. "అట్లనా? తిను మరి" అన్నాడు. నిమ్మకాయంత ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. శొంఠీ మిరియాలూ కలిసి ముక్కులోంచి, చెవుల్లోంచి, కళ్ళలోంచి వచ్చాయి. దగ్గుతా ఏడుస్తా మింగాను. జవాను నా ముఖం చూసి నవ్వి, తరవాత నవ్వు ఆపి, "మా ఇంట్ల గూడ బాలింత ఉన్నది. దానికి తల్లి లేదు" అన్నాడు. నేను జాడీ మూత గట్టిగా పట్టుకున్నాను. అత్తయ్య నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, చేతికొచ్చినంత తీసి ఆకులో పెట్టి ఇచ్చింది. "నువ్వెవరమ్మా ఇవ్వడానికి, అది మా అక్కది" అని అక్క ఊరు చేరేదాకా దారి పొడుగునా సణిగాను.

అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, చెంపలు లోపలికి పోయి. కాయం చిన్న ముద్ద నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "అమ్మ శొంఠి ఎక్కువ వేసింది" అని ఏడ్చింది. ఏడ్చి ఇంకొంచెం అడిగింది. ఆ పూట అన్నం కూడా తిన్నది. అక్క అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. ఆమె చూపు జాడీ మీద పడినట్టు నాకు అనిపించింది. కాన్పుకి అక్కని తల్లి దగ్గరికి పంపని మనిషి, కాయం మిగలనిస్తుందా? అందుకని జాడీని పక్కలో పెట్టుకుని, దానికి కాపలాగా వసారాలో పడుకున్నాను. ఎండలోనే, తడి పావడాతోనే నిద్ర పట్టేసింది.

లేచేసరికి నా మీద మందపాటి దుప్పటి ఉంది. అక్క అత్తగారిది, ఇందాక గుమ్మంలో ఆమె భుజాన చూసిందే. జాడీ నా పక్కనే ఉంది, మూత కట్టు కట్టినట్టే ఉంది. లేచి కూర్చుని ఆ దుప్పటి విప్పి, దులిపి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాను, ఇది ఎందుకు కప్పినట్టు, ఇందులో ఏముందీ అని. ఏమీ లేదు. వెచ్చగా ఉంది, అంతే. అప్పటి ఆ పిల్ల, అంటే నేనే, ఇప్పుడు గుర్తుకొస్తే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. ఇప్పటికీ ఎవరన్నా దుప్పటి కప్పితే విప్పి చూస్తాను, అది పోయే గుణం కాదు. కాకపోతే ఇప్పుడు వెచ్చబడినాక చూస్తాను.