ముప్పై ఒక్క అంగుళాల వంటగట్టు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఇంటికి చక్రాలు పెట్టి చూడు అని మాత్రం అనలేదు. పాపం, వాళ్ళకా ఊహ వచ్చి ఉండదు. వచ్చింది ఒక టైలరమ్మకి. అదీ పదకొండో అద్దె ఇంట్లో, ఇంటిగలాయన గోడలు తట్టి చూసుకుంటూ తిరగడం మొదలుపెట్టిన రోజున.

"ఈసారి మారితే ఇంటితో సహా మారదాం," అందావిడ, నోట్లో గుండుసూదులు తియ్యకుండానే.

ఆవిడ భర్త వడ్రంగి. పేరుతో ఎవరూ పిలవరు, మూలమట్టం అంటారు. చెక్కల మూల సరిగ్గా కుదిరిందో లేదో చూసే పనిముట్టు అది. ఆయన మాటా, నడకా, ఆఖరికి తలలో పాపిడీ కూడా అలాగే ఉంటాయి మరి. ఆరడుగుల మనిషి. ముప్పై ఏళ్ళుగా జనానికి వంటగట్లు చేసిపెడుతున్నాడు. ఆయన పద్ధతి ఒకటే. ఎవరు వండుతారో వాళ్ళని నిలబెట్టి చెయ్యి మడవమంటాడు, నేల నుంచి మోచేతి దాకా కొలుస్తాడు, అందులో నాలుగు అంగుళాలు తీసేస్తాడు. అదీ గట్టు ఎత్తు. "అందరికీ ఒకే ఎత్తు పెట్టేవాడు బడిబల్లలు చేసుకోవాలి," అనేవాడు. ఆయన జోకుల్లో అదే పెద్దది.

ఇంటావిడ మాత్రం పొట్టి. ఆవిడ గట్టు ముప్పై ఒక్క అంగుళాలు. అద్దె ఇంట్లో ఉన్నదీ అంతే, చక్రాల ఇంట్లో రాబోయేదీ అంతే.

పని కోసం తీసుకున్న షెడ్డులో, సిమెంటు నేల మీద ఆవిడే ఇంటిని గీసింది. గుడ్డ కత్తిరించడానికి గీసే సుద్దతో, ఉన్నది ఉన్నట్టు, అసలు కొలతల్లో. పొడవు ఇరవై అడుగులు, వెడల్పు ఎనిమిది. ముందు వైపు మంచం, మధ్యలో తలుపు, కుట్టుమిషను, వెనక వంటిల్లు, వంటింటికో కిటికీ. వెనకే ఎందుకంటే, వండుకుంటూ వచ్చిన దారి చూడాలట. గీత మీద గీత కొట్టి, తలుపు దగ్గర కాస్త ఖాళీ వదిలి, చేతులు దులుపుకుంది.

చూడ్డానికొచ్చిన తమ్ముడు, వెల్డింగ్ షాపువాడు, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "అక్కా, ఇది ఇల్లా, జాకెట్టా?"

"జాకెట్టు బిగుతైతే విప్పేసుకుంటాం. ఇల్లు బిగుతైతే ఎక్కడికి పోతాంరా? ఒరేయ్, గోడ తొక్కకు! తలుపులోంచి రా!"

వాడు తలుపులోంచే వచ్చాడు. ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ గీతల మధ్య తిరిగారు. ఆవిడ లేని గట్టు దగ్గర నిలబడి లేని కూర కలిపేది. ఈయన లేని మంచం మీద కాళ్ళు చాపి, సరిపోయాయనేవాడు.

కింద చట్రం, ఇరుసు, చక్రాలూ తమ్ముడే చేశాడు. ఇరుసు ఎక్కడ పెట్టాలో అడుగుతూ, "బరువంతా ఎటు వస్తుందక్కా?" అన్నాడు. "ఇల్లన్నాక బరువు అంతటా ఉంటుంది. మధ్యలో పెట్టు," అందావిడ. వాడు పెట్టేశాడు. గుడ్డకి ముందూ వెనకా బరువుండదు. ఇళ్ళలో చెక్కపని చేసేవాడికి నేల కదలదు. వెల్డరుకి మాత్రం తెలుసు, కానీ అక్క మాటకి ఎదురు చెప్పి గెలిచిన తమ్ముడు ఇంకా పుట్టలేదు. అలా ముగ్గురూ కలిసి ఒక తప్పు చేశారు, సంతోషంగా.

సుద్దగీతల మీదే నిలిపిన ఆ చట్రం మీద నేల చెక్కలు పరిచిన వారానికి ఆవిడ పోయింది. పొద్దున్నే గుండెలో ఏదో పట్టేసిందంది. మధ్యాహ్నానికి డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. ఆయన చెబుతున్నంతసేపూ మూలమట్టం తలుపు వైపే చూశాడు. పై బందులో ఒక స్క్రూ వదులుగా ఉంది. చెప్పడం అయ్యాక, "స్క్రూడ్రైవర్ ఉందా?" అని అడిగాడు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

ఆయన ఏడవలేదు. రాయి అన్నారు కొందరు. గట్టివాడన్నారు ఇంకొందరు. రెండూ కాదు. ఏడుపు రాలేదు, అంతే. అన్నం పెడితే తిన్నాడు, పలకరిస్తే పలికాడు. పదో రోజు షెడ్డుకి వెళ్ళి రంపం తీశాడు. గోడలు లేపాడు, చిత్రిక పట్టాడు, కప్పు వేశాడు. చట్రం కిందకి వంగి సుద్దగీతలు చూసుకోవడం, పైన చెక్క కొయ్యడం. నేల ఊడవలేదు. పొట్టు మోకాలి దాకా వస్తే చేత్తో ఏరి బస్తాలో వేశాడు గానీ చీపురు మాత్రం ముట్టలేదు.

ఇంట్లో తన వంట తనే వండుకున్నాడు. ముప్పై ఒక్క అంగుళాల గట్టు మీద ఆరడుగుల మనిషి వంగి కూరలు తరిగితే ఏమవుతుంది? నడుం విరుగుతుంది. రోజూ రాత్రి నడుం పట్టుకుని పడుకునేవాడు. నిజం చెప్పాలంటే, ఆ తొమ్మిది నెలల్లో ఆయనకి తెలిసిందంటూ ఉంటే ఆ నొప్పి ఒక్కటే. మిగతాదంతా పక్కింట్లో జరుగుతున్నట్టుండేది. గట్టు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టుకోవచ్చు కదా అని కూతురు ఎన్నిసార్లో అంది. గోడకి చెప్పుకున్నట్టే.

చక్రాల ఇంట్లో కూడా, గీసినచోట గీసినట్టు, వెనక ముప్పై ఒక్క అంగుళాల గట్టు బిగించాడు. దాని కింద నీళ్ళ ట్యాంకు, గ్యాసు బండ, పైన ఇనప స్టవ్వు, పక్కన గిన్నెల బీరువా. ముందు వైపు పల్చటి ప్లైవుడ్ మంచం.

ఈలోగా ఇంటిగలాయన ఇల్లు అమ్మేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. బావమరిది తన షాపు వెనక స్థలం చూపించాడు, ఊరికి అవతలి కొసన. ఇల్లు రోడ్డెక్కి అక్కడికి చేరాలి. చేరకపోతే మూలమట్టం పన్నెండో అద్దె ఇల్లు వెతుక్కోవాలి, ఒంటరిగా. ఆవిడ వద్దన్నది సరిగ్గా అదే.

నెలాఖరుకి వారం ఉందనగా బావమరిది వ్యాను తెచ్చాడు. అన్నాళ్ళూ ఇల్లు నాలుగు మూలలా దిమ్మల మీద నిలబడి ఉంది. ముందు దిమ్మలు తీశాడు, ఏమీ కాలేదు. వెనకవి తీశాడు. ఇల్లు ఒకసారి మూలిగి, వెనక్కి కూలబడి, ముక్కు పైకెత్తింది. వ్యానుకి తగిలించాల్సిన కొక్కెం గాల్లో నిలబడింది. లోపల గిన్నెలు గలగలమన్నాయి.

"ఓరి నాయనో," అన్నాడు బావమరిది.

మూలమట్టం లోపలికెళ్ళి చూసొచ్చాడు. "గిన్నెలేవీ సొట్టపోలేదు."

"గిన్నెల సంగతి తర్వాత బావా! బరువంతా వెనకే ఉంది. ఇలా రోడ్డెక్కిస్తే తోక ఊపుతుంది. వెనకొచ్చేవాడు పోతాడు, మనమూ పోతాం."

"ముందు ఇసుక బస్తాలు వేద్దాం."

"ఇరుసు మొయ్యొద్దూ? అది మోసేంత బరువు ఇప్పటికే ఉంది."

"అయితే ఇరుసు వెనక్కి జరుపు."

"ఎలా జరపను? చక్రాల మీద కప్పిన పెట్టెలు గోడల్లో కలిపి కట్టేశావు. కింద నుంచి మొత్తం కొయ్యాలి. ఒకటే దారి బావా. వంటిల్లు ముందుకి, మంచం వెనక్కి."

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"అలా గీయలేదు."

 రోజంతా ఎవరినో ఒకరిని ఆటపట్టించే బావమరిది, ఆ పూట మాత్రం దిమ్మలు తిరిగి పెట్టేసి వ్యానులో కూర్చున్నాడు. "తప్పు నాది బావా. ఇరుసు పెట్టిన రోజే చెప్పాల్సింది. అక్క కదా అని ఊరుకున్నాను," అన్నాడు స్టీరింగుకేసి చూస్తూ.

మూడు రోజులు మూలమట్టం షెడ్డులో ఊరికే కూర్చున్నాడు.  నాలుగో రోజు కూతురు వచ్చింది. సంగతంతా మేనమామ చెప్పినట్టున్నాడు. ఏమీ అడక్కుండా సంచీలోంచి వాళ్ళమ్మ టేపు తీసింది. పసుపచ్చ టేపు, అంకెలు సగం అరిగిపోయినది.

"లే నాన్నా. నిటారుగా నిలబడు. చెయ్యి మడువు."

"ఎందుకు?"

"ఎవరు వండితే వాళ్ళకి కొలవాలని నువ్వే కదా అంటావు. ఇప్పుడు ఎవరు వండుతున్నారు?"

 ఆ ప్రశ్న ఆయన వృత్తిలోది. దానికి అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. లేచి చెయ్యి మడిచాడు. పిల్ల కింద కూర్చుని టేపు కొస కాలితో తొక్కిపట్టి పైకి లాగింది.

"నలభై మూడు."

"మోచేతికి కిందే ఆపేశావు," అన్నాడాయన. "నలభై మూడున్నర."

ఒప్పుకున్నాడని దానర్థం. కూతురికి తెలుసు, అందుకే మళ్ళీ అడగలేదు.

రెండు రోజుల్లో పని అయిపోయింది. తను బిగించిన స్క్రూలు తనే విప్పాడు. పై పలక అదే, కాళ్ళు మాత్రం కొత్తవి. పాత కాళ్ళు పారెయ్యాలా ఉంచాలా అని బావమరిది అడిగితే, "చెక్క మంచిదే, దేనికైనా పనికొస్తుంది," అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. వంటిల్లు ముందుకీ, మంచం వెనకనున్న కిటికీ కిందకీ చేరాయి. దిమ్మలు తీస్తే ఈసారి ఇల్లు బుద్ధిగా ముందుకి వాలి, కొక్కెం వ్యాను మీద కూర్చుంది.

ఇల్లు షెడ్డు బయటికి కదిలాక, కింద సుద్దగీతలు మిగిలాయి. ముందు మంచం, వెనక వంటిల్లు. మూలమట్టం తన పనిముట్ల సంచీ ఇంటి కిందే, గీసిన వంటింటి మూల మర్చిపోయాడు. తిన్నగా వెళితే పది అడుగులు. ఆయన చుట్టూ తిరిగి, గీతల మధ్య వదిలిన ఖాళీలోంచి లోపలికెళ్ళి, సంచీ తీసుకుని, మళ్ళీ ఆ ఖాళీలోంచే బయటికొచ్చాడు. కూతురు చూసి మొహం పక్కకి తిప్పుకుంది. ఆయన కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

ఊరు దాటడానికి గంటన్నర పట్టింది. ఇల్లు ఊగలేదు. షాపు వెనక స్థలంలో నిలిపాక బావమరిది బయట చక్రాల కింద ఇటుకలు సర్దుతుంటే, మూలమట్టం ముగ్గురికీ ఏదైనా వండుదామని లోపలికెళ్ళాడు. గట్టు మీద నాలుగు బంగాళదుంపలు పెట్టుకుని తరగడం మొదలుపెట్టాడు.

ఒకటి అయింది. రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా చెయ్యి ఆగింది. ఏదో తక్కువైంది. స్టవ్వు వెలుగుతోంది, నీళ్ళు వస్తున్నాయి, కత్తి పదునుగానే ఉంది. ఏమిటా అని అలవాటుగా ఎడంచెయ్యి నడుం మీద పెట్టుకున్నాడు.

నడుం నొప్పి లేదు.

ముప్పై తొమ్మిదిన్నర అంగుళాలు. గట్టు ఆయన చేతుల కింద సరిగ్గా అమిరింది. వంగక్కర్లేదు, ఒరగక్కర్లేదు, ఎంతసేపైనా నిలబడొచ్చు. ఆవిడ ఈ గట్టు ముందుకి వస్తే పలక గుండెల దాకా ఉంటుంది. ఇక్కడ ఆవిడకి వండడం కుదరదు. ఇక వండదు.

ఆయన కత్తి పక్కన పెట్టాడు. రెండు చేతులూ ఆ పలక మీద ఆనించి, పెద్దగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కూతురు లోపలికి వెళ్ళబోతే బావమరిది చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏడవనీ," అన్నాడు. తను కూడా కళ్ళు తుడుచుకుని, చేతిలో ఉన్న ఇటుక చక్రం కింద తోశాడు. ఇంకోటి తీసుకున్నాడు.