కాంటా ఎక్కే అన్న

రాష్ట్రం కాని రాష్ట్రంలో, బమ్రోలిలో ఓ మరమగ్గాల కార్ఖానాలో నేను బట్ట తూకం వేసేవాణ్ణి. అక్కడ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేత కార్మికుడొకాయన ఉండేవాడు. పది కిలోలు తగ్గకపోతే మోకాళ్లు పోతాయని డాక్టర్ చెప్పాడట. పన్నెండు గంటలు నిలబడి చేసే పని. నిలబడలేని వాణ్ణి మగ్గం మీద ఎవరుంచుకుంటారు?

రోజూ పొద్దున చెప్పులు విప్పి, జేబులో తాళాలూ తంబాకు డబ్బీ కింద పెట్టి, బట్ట తూచే కాంటా ఎక్కేవాడు. అంకె చూసే ధైర్యం లేక కళ్లు మూసుకునేవాడు.

"తమ్మీ, జర చూసి చెప్పు. తగ్గిందా?"

మొదట్లో మూడు కిలోలు తగ్గాడు. ఆ తర్వాత నెలన్నర అంకె కదల్లేదు. ఆ ముఖం చూడలేక ఒకరోజు, "కిలో తగ్గినవ్ అన్నా" అనేశాను. ఆయన చెప్పులు తొడుక్కుని మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. నా మాట నమ్మి ఆ రాత్రి కడుపునిండా తింటాడేమోనని రోజంతా నాకు గుబులే.

మర్నాడు వచ్చి, చొక్కా ఎత్తి, నడుముకు కోసుకుపోతున్న మొలతాడు చూపించాడు.

"ఇది సడలలే తమ్మీ. నిన్న నువ్వు అబద్ధమాడినవని అప్పుడే ఎర్కైంది. అయినా రాత్రి ఒక్క రొట్టెనే తిన్న."

చెప్పులు విప్పి కాంటా ఎక్కాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు.