తెల్లగా వచ్చిన బిళ్ల

“పరీక్ష తారీఖు పడ్డదా?”

“తెలంగాణ వచ్చినంక పెడ్తరట. ముందుగాల గీ గంజి తాగు.”

జనగామ దవాఖానలో నా పెనిమిటి అడిగిన ఆఖరి మాట అది, నేను చెప్పిన ఆఖరి మాట ఇది. గంజి తాగలేదు. ఇట్లనే రాయి బిడ్డా. మా అన్న కూతురివి, చదువుకున్నదానివి, మీ మామ పోయిండని మెత్తగా మార్చి రాయకు.

మానుకోట అవతల కంకర మిల్లులో ఆయన గుమాస్తా, నేను కూలీని. డిగ్రీ చదివిన మొగుడు రేకుల గదిలో కూర్చుని లారీల లెక్క రాసేవాడు. సంతకం మాత్రమే వచ్చిన పెళ్లాం బయట తట్ట మోసేది. ఇద్దరి నోట్లో పడేది ఒకటే దుమ్ము.

ఆయనకు ఒక పిచ్చి పట్టింది. పనిచేసే వాళ్ల ముక్కులోకి ఎంత దుమ్ము పోతుందో, చెవిలోకి ఎంత చప్పుడు పోతుందో కొలిచే సార్లు ఉంటారట. దానికో పెద్ద పరీక్ష, సర్టిఫికెట్. అది పాసైతే చెల్పూర్ కరెంటు ప్లాంటులో కొలువు దొరుకుతుందని, భూపాలపల్లిలో ఇల్లు తీసుకుందామని, ఇక మిల్లు ముఖం చూడొద్దని చెప్పేవాడు. ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని దగ్గుకుంటూ చదివేవాడు. దుమ్ము తింటూ దుమ్ము గురించి చదివిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

“గా పుస్తకంల నీ దగ్గుకు మందు రాసిందా?” అని అడిగేదాన్ని.

“మందు కాదే, దగ్గు రాకుంట ఎట్ల చూసుకోవాల్నో రాసింది.”

“వచ్చినోనికి గదెందుకయ్యా?”

పరీక్షకు కూర్చోవాలంటే ముందు ఒక మనిషి మీద దుమ్ము కొలిచి చూపించాలట. పాఠం చెప్పే సారు దగ్గర చిన్న మిషన్ అడుక్కొచ్చి నా నడుముకు కట్టాడు. సన్న గొట్టాన్ని వీపు మీదుగా తెచ్చి, దాని మూతిని మెడ పక్కన జాకెట్టుకు తగిలించాడు. మూతిలో తెల్లటి బిళ్ల. నేను పీల్చే గాలినే అదీ పీల్చి, దుమ్మును బిళ్ల మీద పడేస్తుందట. తోటి ఆడవాళ్లు ఒకటే నవ్వు.

“ఏందక్కా, బావ కొత్త నగ చేయించిండా?”

మిల్లు తిరిగింది. ఎప్పటిలాగే కొంగును తల మీదుగా తెచ్చి, ముక్కూ మెడా చుట్టి బొడ్లో దోపుకున్నాం. అట్ల చుట్టుకోకుండా మాలో ఎవరూ తట్ట ఎత్తరు. మిషన్ మూతి కూడా కొంగు లోపలే ఉండిపోయింది. సాయంత్రం తీస్తే బిళ్ల తెల్లగా ఉంది.

“మన గాలి మంచిదేనే!” అని ఆయన సంబరం.

“మరి నువ్వెందుకు దగ్గుతున్నవ్?”

ఆ మాట వినకుండా సారు దగ్గరికి పోయాడు. ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

“కొంగు లోపట పెట్టినవా, దుమ్మంత కొంగే ఆపుతది గదా అని సారు నవ్విండు. కొంగు మీద పెట్టి మళ్ల తెమ్మన్నడు.”

“అంటే మిషన్‌కు గూడ దుమ్ము తినిపియ్యాలె. మనం తిన్నది సాలలేదా?”

మళ్లీ కొలిచేలోపే బందులు మొదలయ్యాయి. లారీలు ఆపి, రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండారు. నేనూ పోయి కూర్చున్నాను, గొంతు చినిగేలా జై తెలంగాణ అన్నాను. మిల్లు ఆగింది, గాలి తేటపడింది. ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటే ఈయన ఒక్కడే దుమ్ము లేదని ఏడ్చాడు. ఆగిన మిల్లు ముందు మిషన్ పట్టుకుని నిలబడేవాడు. చివరికి పరీక్షే వాయిదా పడింది. రాష్ట్రం వచ్చినంకనే పెడతారేమోనని సారు ఫోన్‌లో అన్నాడు. ఈలోపల దగ్గులో నెత్తురు పడితే జనగామ తీసుకుపోయాను. అక్కడ ఏమైందో ముందే చెప్పాను.

తెలంగాణ వచ్చింది. పరీక్షా పెట్టారు. పాసైన సారు ఒకాయన మా మిల్లుకు కారులో వచ్చాడు. మిషన్‌ను నా నడుముకే కట్టి, మూతిని మెడ పక్కన తగిలించి, గుమాస్తా గదిలో ఫ్యాను కింద కూర్చున్నాడు. మేం కొంగులు చుట్టుకున్నాం. నేను పోయి చెప్పాను.

“సారూ, మిషన్ మూతి కొంగు లోపట వడ్డది.”

“నీ పని నువ్వు చూసుకో అమ్మా.”

సాయంత్రం బిళ్ల తెల్లగా వచ్చింది. గాలి బాగుందని రాసి, సంతకం పెట్టి పోయాడు. ఆయన కాగితాన్ని ఎవరూ వాపసు పంపలేదు. మా ఆయన పాసై ఉంటే మిల్లును బాగు చేసేవాడని నేననను. కానీ మూతిని కొంగు మీద పెట్టేవాడు. అంత మాత్రం నేర్చుకునే పోయాడు.

అయిందా బిడ్డా? ఏదీ, మొదటి నుంచి చదివి వినిపియ్యి. తారీఖు అడిగిన కాడ జర ఆగి చదువు.